నిమిషంలో ఆరిపోతుందట! మాఫ్ సెన్సార్ స్ప్రే, మూడేళ్లు వాడాక

డబ్బా మీద "నిమిషంలో ఆరిపోతుంది" అని రాసినవాడు ముసురు రోజున కోనసీమలో బానెట్ ఎత్తి ఉండడు. ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచేది మాఫ్ సెన్సార్, దాన్ని కడగడానికే ఈ స్ప్రే. స్ప్రే మంచిదే. నా పేచీ అంతా ఆ ఒక్క మాటతోనే.

మూడేళ్లలో ఒకే డీజిల్ కారు మీద నాలుగుసార్లు వాడాను. దాళ్వా కోతల ధూళి, మిల్లుల ఊక బూడిద, ఇసుక లారీలు వదిలే దుమ్ము... ఎయిర్ ఫిల్టర్ అంచు సరిగ్గా కూర్చోకపోతే ఆ నుసంతా సెన్సార్ మీదే పేరుకుంటుంది.

పని తేలికే. ఇంజన్ చల్లారాక తాళంచెవి తీసేసి, ఫిల్టర్ డబ్బా దాటగానే గొట్టానికి ఉండే సెన్సార్ ప్లగ్‌ను లాక్ నొక్కి లాగాలి. వైరు పట్టుకుని లాగొద్దు. స్క్రూలు రెండే, మా దానికి టీ20 టార్క్స్, అంటే ఆరు మొనల తలవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే తలలు అరిగిపోతాయి. నాలుగైదు అంగుళాల దూరం నుంచి పది పదిహేనుసార్లు కొంచెం కొంచెంగా కొట్టాలి. ఇయర్‌బడ్, బ్రష్, పంక్చర్ షాపు గాలి పైపు దగ్గరికి కూడా రానివ్వొద్దు. కార్బ్యురేటర్ క్లీనర్ అయితే ప్లాస్టిక్‌ని పాడుచేసే ప్రమాదం ఉంది.

మూడోసారి తేడా కొట్టింది. జూలై, పొద్దుటినుంచీ ముసురు. ద్రవం నిజంగానే నిమిషంలో ఎగిరిపోయింది. ఎగిరిపోతూ సెన్సార్‌ని చల్లబరిచింది. ఐసు నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు గాలిలో తేమంతా దానికి పట్టింది. పైకి పొడిగానే ఉంది, లోపలి సన్నటి గాలిదారిలో తడి. పది నిమిషాలకే బిగించేస్తే చెక్ ఇంజన్ లైటు వెలిగింది. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన ఎక్కేసరికి పికప్ లేదు, వెనక నల్లపొగ. సెన్సార్ లోపల గాలిని కొలిచేది ఒక వేడి పొర. తడి దాన్ని చల్లారిస్తే, గాలి ఎక్కువ వస్తోందని కంప్యూటర్ లెక్కేస్తుంది. ఆ గాలిని తగ్గించడానికి, పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్ అయిన ఈజీఆర్‌ని ఇంకాస్త తెరుస్తుంది. అసలు గాలి తగ్గిపోయి పొగ మొదలవుతుంది. కారు లోపాలు చదివే ఓబీడీ స్కానర్‌లో పీ0101 కోడ్, అంటే మాఫ్ రీడింగ్ తేడాగా ఉందని. మళ్లీ విప్పి, ఇంట్లో ఫ్యానుకింద గంటన్నర ఉంచి, కోడ్ చెరిపేస్తే సర్దుకుంది. ఇప్పుడు ఎండ కాసే రోజైనా గంట ఆగుతున్నాను, ముసురుంటే ముట్టుకోను.

మొదటిసారి మైలేజీ లీటరుకు కిలోమీటరు పైన పెరిగిందని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. అదే రోజు ఎయిర్ ఫిల్టర్ కూడా కొత్తది పడింది మరి. రెండోసారి ఫిల్టర్ జోలికి వెళ్లకుండా సెన్సార్ ఒక్కటే కడిగితే పికప్ కాస్త మెరుగైంది, మైలేజీ మాత్రం కదల్లేదు.

కాలవగట్ల మీద తిరిగే డీజిల్ కారుకి ఏడాదికోసారి, అదీ కోతలయ్యాక, నా మట్టుకు గిట్టుబాటే. హైవే మీదే తిరిగేవాళ్లకు అంత అవసరం పడకపోవచ్చు. చిన్న పెట్రోల్ కార్లయితే చాలావాటికి మాఫ్ ఉండదు, గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. డబ్బా కొనేముందు బానెట్ ఎత్తి చూసుకోండి.