హైదరాబాద్‌కు కార్లో వెళ్తే బండి ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వదిలెయ్యాలి

ఖమ్మం నుంచి హైదరాబాద్‌కు కార్లో వెళ్లడం పెద్ద కష్టమేమీ కాదు. సూర్యాపేట దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటుకుంటూ హాయిగా వెళ్లిపోతాం. అసలు తిప్పలు హయత్‌నగర్ దాటాకే. ట్రాఫిక్ ఎలాగూ తప్పదు, దానికి సిద్ధపడే వెళ్తాం. చేరాక బండిని ఎక్కడ నిలపాలో తెలియకపోవడమే మనిషిని అలసగొడుతుంది. పిల్లలతో, మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మతో కలిసి మొన్న సెలవుల్లో తిరిగొచ్చాం. నాకు గట్టిగా అనిపించిందొకటే: హైదరాబాద్‌లో గది చూసుకునేటప్పుడు మంచం, ఏసీ, టిఫిన్ల సంగతి తర్వాత, ముందు పార్కింగ్ అడగాలి. అదీ మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది.

పార్కింగ్ ఉందా అని ఫోన్లో అడిగితే లేదనేవాళ్లు అరుదు. "ఉంది సార్, వచ్చేయండి సార్" అంటారు. తీరా వెళ్తే అది లాడ్జి ముందు రోడ్డు. ట్రాఫిక్ పోలీసుల టోయింగ్ వాహనం తిరిగే రోడ్డయితే రాత్రంతా నిద్ర ఉండదు. అందుకని ఇలా అడగండి: "సెల్లారా, సొంత ఆవరణా, రోడ్డు మీదా? బండి వెనక బండి పెడతారా? తెల్లారి తీసుకోవాలంటే ఎవరు తీసిస్తారు?" ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పిన చోట నిజంగానే జాగా ఉంటుంది.

లక్డీకాపూల్ వైపు మేం దిగిన ఒక లాడ్జిలో గదులు శుభ్రంగా ఉన్నాయి, మనుషులు మర్యాదస్తులు. సెల్లార్ మాత్రం చాలా ఇరుకు. ర్యాంపు దిగగానే కుర్రాడొచ్చి, "గేరు న్యూట్రల్‌లో పెట్టండి సార్, హ్యాండ్‌బ్రేక్ వెయ్యకండి" అన్నాడు. మన ముందూ వెనకా బండ్లు పెట్టి, అవసరమైనప్పుడు చేత్తో తోసి దారి చేస్తారన్నమాట. నేల చదునుగా ఉన్నచోట పర్వాలేదు గానీ, కాస్త వాలుగా ఉంటే ఒప్పుకోవద్దు. చక్రం కింద రాయి పెడతామన్నా సరే. అయినా పొద్దున ఆరింటికి బయల్దేరదామంటే మన ముందున్న మూడు బండ్ల వాళ్లనూ లేపాల్సి వచ్చింది.

దానికంటే ఎల్‌బీ నగర్, కొత్తపేట వైపు చూసిన బస మాకు బాగా నచ్చింది. గది అంత గొప్పగా లేదు, వేడినీళ్లు పొద్దున మాత్రమే. కానీ గేటున్న ఆవరణ, రాత్రి వాచ్‌మన్, మన బండి మనం ఎప్పుడంటే అప్పుడు తీసుకునే వీలు. పైగా మెట్రో మెట్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. అద్దె కూడా ఊరి నడిబొడ్డు కంటే తక్కువే. నన్నడిగితే విజయవాడ, ఖమ్మం, నల్గొండ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇదే సరైన చోటు.

చుట్టాల ఇంట్లో దిగితే పార్కింగ్ ఊరికే వస్తుందనుకుంటాం. అపార్ట్‌మెంట్లో ఫ్లాటుకు ఒకటే స్లాటు, అందులో వాళ్ల కారే ఉంటుంది. ఊరెళ్లిన పక్కింటివాళ్ల జాగాలో పెట్టుకుంటే తెల్లారేసరికి వాచ్‌మన్ తలుపు కొడతాడు: "సార్, బండి తియ్యాలి సార్, వాళ్లు దార్లో ఉన్నారంట." చుట్టాలకు మాట రాకుండా ఉండాలంటే ముందే కనుక్కుని వెళ్లడం మంచిది.

ఏ దిక్కు నుంచి వచ్చేవాళ్లకు ఆ అంచున మెట్రో దొరుకుతుందా అన్నదీ చూసుకోవాలి. మన విజయవాడ రోడ్డుకు ఎల్‌బీ నగర్, వరంగల్ రోడ్డుకు ఉప్పల్, నాగోల్, ముంబై రోడ్డుకు మియాపూర్, కరీంనగర్ వైపు నుంచి వస్తే జేబీఎస్ (జూబ్లీ బస్‌స్టేషన్). కర్నూలు వైపు నుంచి శంషాబాద్ మీదుగా వచ్చేవాళ్లకు మాత్రం అలాంటి వీలు లేదు. నాగోల్, మియాపూర్ స్టేషన్ల దగ్గర కార్లు పెట్టుకునేందుకు పెద్ద స్థలాలున్నాయి. ఒకప్పుడు అక్కడ డబ్బు కట్టే పని లేదు. 2024లో రుసుము పెడతామనగానే నాగోల్‌లో ప్రయాణికులు నిరసనకు దిగారు. రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అది భారమే, వాళ్ల బాధ న్యాయమైనదే. పైఊరి నుంచి ఒకపూట వచ్చే మనలాంటివాళ్లకు మాత్రం గంటల లెక్కన కట్టినా ఊళ్లో తిప్పలు పడటం కంటే మేలు. రాత్రికి కూడా వదిలెయ్యాలనుకుంటే అక్కడి సిబ్బందిని ముందే అడగండి.

డబ్బుల దగ్గర నిజం చెప్పుకోవాలి. మెట్రో అన్నివేళలా చవక కాదు. 2025 మేలో ఛార్జీలు పెంచి, వెంటనే పది శాతం తగ్గించాక టికెట్టు 11 రూపాయల నుంచి 69 రూపాయల దాకా అయింది. నలుగురు మనుషులు రానూపోనూ తిరిగితే మామూలు దూరానికే మూడు వందలు దాటొచ్చు. అదే కార్లో వెళ్లి పార్కింగ్ కట్టి వచ్చినా పెట్రోలుతో కలిపి దాదాపు అంతే. అయితే మా ఇంట్లో ఆడవాళ్లు ముగ్గురు. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. ఎల్‌బీ నగర్‌లో కోఠి వైపు బస్సులకు కొదవ లేదు. అలా లెక్క వేస్తే కారు తీయకపోవడమే లాభం. ఇద్దరే వెళ్తే మెట్రో, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్తే కారు. కుటుంబాన్ని బట్టి ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాల్సిందే.

చార్మినార్‌కు మాత్రం ఎంత చెప్పినా కారు తీసుకెళ్లొద్దంటాను. చుట్టుపక్కల నడిచేవాళ్ల కోసం వాహనాలను కట్టడి చేశారు, అది మంచి పని. ఖిల్వత్ వైపు పార్కింగ్ ఉన్నా అక్కడిదాకా ఆ సందుల్లో, తోపుడుబండ్ల మధ్య బండి నడపడం కొత్తవాళ్లకు పరీక్షే. మేం ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్‌స్టేషన్) మెట్రో స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ముందు సాలార్‌జంగ్ మ్యూజియం చూసుకుని, అక్కణ్ణుంచి నయాపూల్ రోడ్డున పత్తర్‌గట్టి మీదుగా మెల్లగా నడిచాం. అత్తమ్మ ముత్యాల షాపుల దగ్గర ఆగుతూ, కూర్చుంటూ వచ్చింది. కారుంటే ఆ నడక దక్కేది కాదు, మనసంతా బండి మీదే ఉండేది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజుకు జనం వచ్చేదీ ఆ రోజే. కాబట్టి పాతబస్తీకి వేరే రోజు పెట్టుకోండి.

గోల్కొండకు కథ వేరు. అక్కడికి మెట్రో లేదు, కారే నయం. కోట గోడల మధ్య నుంచే రోడ్డు వెళ్తుంది. లంగర్‌హౌజ్ నుంచి ఫతే దర్వాజా, టోలీచౌకీ వైపు నుంచి బంజారా దర్వాజా. రెండు గుమ్మాలూ ఇరుకే. ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. ఆదివారం సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో వేళకు వెళ్తే కోట ముందు బండి ఆపడానికి చోటు దొరకదు, చిట్టీ పుస్తకం పట్టుకున్న ప్రతివాడూ చెయ్యి ఊపి పిలుస్తుంటాడు. ఆ చిట్టీ మీద రేటు అచ్చయి ఉందా, నంబరుందా చూసి ఇవ్వండి. మేం వారం మధ్యలో కోట తలుపులు తీసే వేళకే వెళ్లాం, దగ్గర్లోనే జాగా దొరికింది. అత్తమ్మ కింద నీడలో కూర్చుంది, పిల్లలు పైదాకా ఎక్కొచ్చారు. తర్వాత కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్తే అక్కడ పార్కింగ్ ఇంకా విశాలంగా ఉంది. సమాధులకు కూడా శుక్రవారం సెలవే.

మాల్స్ విషయంలో చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2018 మార్చిలో ఇచ్చిన 63వ నంబరు జీవో ప్రకారం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఎవరికైనా ఉచితం. అరగంట దాటి గంటలోపు బయటికొస్తే ఎంత చిన్న బిల్లు చూపించినా డబ్బు తీసుకోకూడదు. గంట దాటితే బిల్లు గానీ సినిమా టికెట్టు గానీ పార్కింగ్ రుసుము కంటే ఎక్కువుంటే చాలు, అప్పుడూ ఉచితమే. ఒక మాల్లో బయటికొచ్చేటప్పుడు నన్ను డబ్బు కట్టమన్నారు. బిల్లు చేతిలో పెట్టి జీవో నంబరు చెప్పగానే గేటు కుర్రాడు సూపర్‌వైజర్ వైపు చూశాడు, ఆయన తల ఊపాడు, గేటు లేచింది. వెనక హారన్లు మోగుతుంటే మనకెందుకులే అని కట్టేస్తుంటాం. అలా కట్టొద్దు. పైగా చల్లటి చోట భోజనం చేసి, బండి అక్కడుండగానే పిల్లలకు బట్టలు కొనుక్కోవాలనుకునే కుటుంబానికి ఊళ్లో ఇంతకంటే చవకైన పార్కింగ్ లేదు.

హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల సాయంత్రం తొందరగా వెళ్తే లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ దగ్గర డబ్బు కట్టే పార్కింగ్ దొరుకుతుంది. సెలవు రోజున చీకటి పడ్డాక ఆశ పెట్టుకోవద్దు.

రామోజీ ఫిల్మ్‌సిటీని మాత్రం తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. మన విజయవాడ రోడ్డు మీదే, ఊరు దాటాక వస్తుంది. పొద్దున్నే గది ఖాళీ చేసి, సామాను డిక్కీలో సర్దుకుని బయల్దేరితే ఆ రోజు అద్దె మిగులుతుంది. కారు బయట పార్కింగ్‌లో పెడితే లోపలికి వాళ్ల బస్సులే తీసుకెళ్తాయి. పర్సు, ఫోను, అత్తమ్మ మందులు మాత్రం చేతి సంచీలో పెట్టుకోండి, మధ్యలో మళ్లీ కారు దగ్గరికి రావడం కుదరదు.