జీడీఎస్ దరఖాస్తు: ఫారం తేలికే, చిక్కంతా ప్రిఫరెన్సుల దగ్గర

పల్లెలో ఉత్తరం ఇంటికి తెచ్చిచ్చే మనిషిని, అంటే గ్రామీణ డాక్ సేవక్‌ను (జీడీఎస్), తపాలా శాఖ ఎంచుకునే పద్ధతికి మార్కులు వేయమంటే ఫారానికి పదికి ఎనిమిది, విషయం విడమరిచి చెప్పే తీరుకు నాలుగు. రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కులతో సిస్టమే మెరిట్ లిస్టు తీస్తుంది. ‘జీడీఎస్ కోచింగ్’ అని బోర్డు కనబడితే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.

గ్రామీణ డాక్ సేవకుల్లో మూడు రకాలు: బ్రాంచి పోస్ట్‌మాస్టర్ అంటే బీపీఎం, ఆయనకు అసిస్టెంటు ఏబీపీఎం, మూడోది డాక్ సేవక్. బీపీఎంకు నెలకు 12,000 నుంచి 29,380 రూపాయలు, మిగతా ఇద్దరికీ 10,000 నుంచి 24,470, దానిమీద డీఏ. దీన్ని జీతం అనరు, టీఆర్‌సీఏ అంటారు, అంటే పని గంటలను బట్టి ఇచ్చే భత్యం. పని రోజుకు నాలుగైదు గంటలే. బతకడానికి వేరే ఆధారం ఉండాలని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. రెగ్యులర్ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం అనుకుని చేరినవాళ్లు చదవని వాక్యం అదే.

వయసు 18 నుంచి 40. ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు, ఓబీసీలకు మూడేళ్లు సడలింపు. పదిలో లెక్కలు, ఇంగ్లీషు పాసై ఉండాలి, తెలుగు చదివి ఉండాలి. సైకిల్ తొక్కడం రావాలి, బండి నడపడం వచ్చినా సరే. ఫీజు 100 రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, ట్రాన్స్ మహిళలకు అదీ లేదు. ఫోటో 50 కేబీ, సంతకం 20 కేబీ దాటకూడదు. రిజిస్ట్రేషన్‌కు సొంత ఫోన్ నంబరు, సొంత మెయిల్ ఇవ్వండి. నెట్ సెంటరువాళ్ల మెయిల్ ఇచ్చేస్తే ఎంపికైనట్టు వచ్చే కబురు వాళ్ల ఇన్‌బాక్సులోనే పడి ఉంటుంది.

ఇక మార్కుల సంగతి. మెమోలో గ్రేడు పాయింట్లే ఉంటే వాటిని 9.5తో గుణించి శాతం కడతారు, నాలుగు దశాంశాల దాకా. తెలుగు, లెక్కలు, సోషల్‌లో 10 చొప్పున, హిందీ, ఇంగ్లీషు, సైన్సులో 9 చొప్పున వచ్చాయనుకోండి. మొత్తం 57, సగటు 9.5, శాతం 90.2500. అన్నింట్లో 10 వచ్చినా 95.0000 దగ్గర ఆగిపోతుంది. మార్కుల మెమో ఉన్నవాళ్లకు ఆ పైకప్పు లేదు, 600కి 582 వస్తే 97 శాతం. ఇంకో వైపు చూస్తే, ప్రతి సబ్జెక్టులో 91 తెచ్చుకున్న జీపీఏ విద్యార్థికి 95 పడుతుంది, అదే మార్కుల మెమో అయితే 91 దగ్గరే ఉండేవాడు. 10 జీపీఏ వాళ్లంతా ఒకే అంకె మీద నిలబడతారు కనుక టై తప్పదు. టై అయితే ముందు చూసేది పుట్టినతేదీ, వయసులో పెద్దవారికే పోస్టు. పద్దెనిమిది నిండగానే 10 జీపీఏతో దరఖాస్తు పెట్టిన పిల్లలు వెనకబడేది ఇక్కడే.

ప్రిఫరెన్సులు ఇంకా జాగ్రత్తగా ఇవ్వాలి. ఒక్క తపాలా డివిజన్‌నే ఎంచుకోవాలి, అందులోని బ్రాంచి పోస్టాఫీసులకు వరుస నంబర్లు ఇవ్వాలి. ఒక పోస్టు వచ్చిందా, మిగతా ప్రిఫరెన్సులన్నీ పోయినట్టే. 2025 జనవరి షెడ్యూలులో దేశం మొత్తానికి 21,413 ఖాళీలైతే ఆంధ్రప్రదేశ్‌కు 1,215, తెలంగాణకు 519. పోటీ చూసి కంగారుపడి తెలియని ఊళ్లన్నీ టిక్కు పెట్టేస్తే అరవై కిలోమీటర్ల అవతలి పల్లె తగులుతుంది. ఉద్యోగం వస్తే ఆ బ్రాంచి పరిధిలోనే కాపురం ఉండాలి, పదివేలలో అద్దె, పెట్రోలు పోను మిగిలేదెంత? బస్సు ఉందో లేదో, అద్దెకు ఇల్లు దొరుకుతుందో లేదో కనుక్కున్న ఊళ్లే జాబితాలో పెట్టండి. బ్రాంచి పేరు పక్కన ఇంకాస్త సమాచారం పోర్టల్‌లోనే ఇస్తే ఎంతమందికి ఈ తిప్పలు తప్పేవో.

బీపీఎం కోరుకునేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఆఫీసు నడపడానికి ఆ ఊళ్లో గది మీరే చూపించాలి, అద్దె అయితే అదీ మీదే. రెండువేల ఎక్కువ చూసి బీపీఎంకు మొదటి నంబరు ఇచ్చేముందు ఆ లెక్క వేసుకోండి.

లిస్టులో పేరు వస్తే డివిజన్ ఆఫీసులో వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్సులు, ప్రభుత్వ డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. ఎక్కువమంది దెబ్బతినేది కులం కాగితం దగ్గర. బీసీ-ఏ, బీసీ-డి అని రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కాదని చెప్పే) ఓబీసీ సర్టిఫికెట్ ఉండాలి. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు, అది చూసుకోకుండా ఓబీసీ అని నొక్కితే ఎంపికయ్యాక కూడా పోస్టు పోతుంది. మీసేవలోనో సచివాలయంలోనో ఆ కాగితం చేతికి రావడానికి రోజులు పడతాయి, వెరిఫికేషన్‌కు ఇచ్చే గడువేమో తక్కువ. నోటిఫికేషన్ రాకముందే పెట్టుకుంటే మంచిది.