లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నది నలుపు రంగును

మా ఇంట్లో రెండు టీవీలు ఉన్నాయి. ఒకటి 2019 దసరా అమ్మకాల్లో 23 వేలకు తెచ్చిన 43 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ, ఫుల్ హెచ్‌డీ. రెండోది 2021 చివర్లో లక్షా 28 వేలు పెట్టి కొన్న 55 అంగుళాల ఓలెడ్ (తెర మీది ప్రతి చుక్క, అంటే పిక్సెల్, తానే వెలిగే రకం), 4కె (ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్ల చుక్కలు). కాకినాడలో ఉప్పుగాలి తగిలే ఇల్లు మాది, పొద్దున లేచింది మొదలు ఏదో ఒక టీవీ మోగుతూనే ఉంటుంది. అమ్మ, నాన్నగారు, నేను, నా భార్య, బడికి వెళ్ళే మా అమ్మాయి, ఐదుగురం రెండింటినీ తనివితీరా వాడాం. ఇప్పుడు మా చెల్లెలు కొత్త టీవీ కొనబోతూ ఏది తీసుకోమంటావని అడిగింది. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

లక్ష రూపాయల తేడా ఎక్కడ ఉందంటే, నలుపులో ఉంది. ఓలెడ్ ఇంటికి వచ్చిన మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక హాల్లో లైట్లన్నీ ఆర్పి, చిన్నప్పటి నుంచి పదిసార్లయినా చూసిన ఒక నలుపు తెలుపు సినిమా పెట్టాను. అందులో ఒకామె దీపం పట్టుకుని చీకటి గదిలోకి నడిచి వస్తుంది. ఆ దీపం ఉన్న చోటు తప్ప, తెర ఎక్కడ ముగిసిందో గోడ ఎక్కడ మొదలైందో తెలియలేదు. వెలుగు ఆమె ముఖం మీద కదులుతుంటే చెవి కమ్మ మెరుపు, పైట అంచున జరీ గీతలు విడివిడిగా కనిపించాయి. వెంటనే లోపలి గదిలోకి వెళ్ళి అదే దృశ్యాన్ని 43 అంగుళాల దాంట్లో పెట్టి చూశాను. చీకటి గది బూడిదరంగుకు తిరిగింది. బొమ్మంతా నీలం పులిమినట్టుగా ఉంది. తెర మూలల్లో లేత వెలుగు మరకలు. రెండేళ్ళుగా రోజూ చూస్తున్న టీవీయే, ఆ రాత్రి దాకా ఆ మరకలు నా కంట పడలేదు.

దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. మామూలు ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ వేసే ప్యానెల్‌కు సొంత వెలుగు లేదు. దాని వెనక బిగించిన చిన్న చిన్న బల్బులే వెలుగునిస్తాయి. నలుపు చూపించవలసిన చోట ప్యానెల్ ఆ వెలుగును అడ్డుకోవాలి. తలుపు మూసినా సందుల్లోంచి ఎండ వచ్చినట్టు, ఎంతో కొంత వెలుగు బయటికి వస్తూనే ఉంటుంది. ఓలెడ్‌లో తెర మీది 83 లక్షల చుక్కల్లో దేని దీపం దానిదే. నలుపు కావలసిన చుక్క పూర్తిగా ఆరిపోతుంది. నీలం సంగతి మాత్రం చాలావరకు సెట్టింగుదే. చవక టీవీలు కొట్టులో తళతళలాడాలని రంగులను చల్లగా, అంటే నీలం వైపు మొగ్గేలా పెట్టి పంపుతారు. పిక్చర్ సెట్టింగుల్లో రంగును ‘వార్మ్’కు మారిస్తే మనుషుల ముఖాలు మనుషుల ముఖాల్లా కనిపిస్తాయి. ఈ ఒక్క మార్పుతో మా 23 వేల టీవీ ఇంకో పది వేలు ఎక్కువ పెట్టి కొన్నదానిలా అయింది. పైసా ఖర్చు లేదు, ఈ రోజే చేసి చూడండి.

అయితే ఆ నలుపు రాత్రిపూటదే. మా హాలుకు తూర్పున పెద్ద కిటికీ, ఎదురుగా వీధి తలుపు. మధ్యాహ్నం సీరియల్‌లో రాత్రి సన్నివేశం వస్తే ఓలెడ్ అద్దం మీద మా కిటికీ చువ్వలు, వీధిలో వెళ్ళే స్కూటర్లు కనిపిస్తాయి. తెరంతా తెల్లటి బొమ్మ వస్తే ఓలెడ్ తన వెలుగును తానే తగ్గించుకుంటుంది కూడా. అమ్మకు ఇది మొదటి వారంలోనే నచ్చలేదు. “ఇంత డబ్బు పోసి తెచ్చావు, పగలు చూస్తే నా మొహమే కనిపిస్తోందిరా” అంది. ఆమె మాట నిజం. చవక టీవీ తెర గరుకుగా ఉంటుంది కాబట్టి వెలుతురు గదిలో అదే కళ్ళకు హాయి. చివరికి హాల్లో మందపాటి కర్టెన్లు వేయించాను. ఓలెడ్ కొనేవారు ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక అసలు దెబ్బ గురించి. 2022 వానాకాలంలో ఒక సాయంత్రం చవక టీవీలో బొమ్మ పోయింది. మాటలు వినిపిస్తున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. ఫోను టార్చి వేసి తెరకు దగ్గరగా పెట్టి ఏటవాలుగా చూస్తే వార్తలు చదివే అమ్మాయి నీడలా కదులుతోంది. వారంటీ అప్పటికే అయిపోయింది. కంపెనీ సర్వీసు మనిషి వచ్చి, ప్యానెల్ మార్చాలి, 14 వేలవుతుందన్నాడు. 23 వేల టీవీకి 14 వేలు పెట్టడం దండగ అనుకుని పక్కన పెట్టేశాం. ఎనిమిది నెలల తర్వాత ఎవరో చెబితే మా పేటలోని మెకానిక్‌ను పిలిచాను. ఆయన కూడా టార్చి వేసి చూసి, “ప్యానెల్ బంగారంలా ఉందండీ. వెనక బల్బులు పోయాయి, అంతే” అన్నారు. మంచం మీద పరుపుపై దుప్పటి పరిచి, టీవీని బోర్లా పడుకోబెట్టి మరలన్నీ విప్పారు. ప్యానెల్‌ను ఇద్దరం చెరో వైపు పట్టుకుని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టాం. లోపల తెల్లటి రేకు మీద మూడు బల్బుల పట్టీలు. మధ్య పట్టీలో ఒక బల్బు మాడి దాని చుట్టూ గోధుమరంగు మచ్చ పడింది. బల్బులన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కనుక ఒకటి పోతే మిగతావన్నీ ఆరిపోతాయట. మూడు పట్టీలూ మార్చి 2,200 రూపాయలు తీసుకున్నారు. వెళుతూ, బ్యాక్‌లైట్ (ఈ వెనక బల్బుల వెలుగు) ఎప్పుడూ నిండుగా పెట్టవద్దు, వందకు అరవై దగ్గర పెట్టండి, ఎక్కువ కాలం వస్తుంది అన్నారు. అలాగే పెట్టాం, ఇప్పటికీ వెలుగుతోంది.

ఆ ఎనిమిది నెలలూ నాన్నగారి వార్తలు హాల్లోకి మారాయి. టీవీ బాగైన తర్వాత కూడా పెద్ద తెర అలవాటై ఆయన అక్కడే చూడసాగారు. రోజుకు ఆరేడు గంటలు, దాదాపు ఎప్పుడూ ఒకే చానల్. మన తెలుగు వార్తా చానళ్ళ తెర ఎలా ఉంటుందో మీకు తెలుసు. పైన మూలన చానల్ గుర్తు, కింద ఎర్ర పట్టీ, దాని కింద ఇంకో పట్టీ, పొద్దుటి నుంచి రాత్రి దాకా అవి కదలవు. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తన దీపాన్ని తానే కాల్చుకుంటుంది కాబట్టి, ఎక్కువ వెలిగిన చోట త్వరగా అరుగుతుంది. 2024లో ఒక క్రికెట్ మ్యాచ్ చూస్తుంటే పచ్చటి మైదానం కింది భాగంలో పలుచటి అడ్డపట్టీ కనిపించింది. మొదట మైదానంలో గడ్డి కోతలో తేడా అనుకున్నాను. కెమెరా పక్కకు తిరిగినా ఆ పట్టీ కదలలేదు. పైన కుడి మూలన చానల్ గుర్తు కూడా అలికినట్టుగా ఉంది. నా గుండె జారిపోయింది. ఇలాంటి ముద్రకు వారంటీ వర్తించదని కాగితాల్లో ముందే రాసి ఉంది.

ఇంకో విషయం అప్పుడు తెలిసింది, కొన్నప్పుడు ఎవరూ చెప్పనిది. ఓలెడ్‌ను రిమోట్‌తో ఆపాక అది వెంటనే నిద్రపోదు. నాలుగు గంటలకు పైగా వాడి ఉంటే, ఆపిన తర్వాత కొన్ని నిమిషాలపాటు చుక్కల అరుగుదలను తనంతట తాను సరిచూసుకుంటుంది. అందుకు దానికి కరెంటు ఉండాలి. మా ఇంట్లో అమ్మ రాత్రి పడుకునే ముందు వీధి తలుపు గడియ, గ్యాసు, టీవీ స్టెబిలైజర్ స్విచ్, మూడూ తప్పకుండా కట్టేస్తుంది. ఉరుములూ, కరెంటు హెచ్చుతగ్గులూ ఉండే ఊళ్ళో అది మంచి అలవాటే, నేనూ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ అలవాటు వల్ల రెండేళ్ళపాటు ఆ టీవీకి తనను తాను సరిచేసుకునే అవకాశం దాదాపు దొరకలేదు. ఇప్పుడు ఆపాక అరగంట ఆగి స్విచ్ కట్టేస్తున్నాం. పట్టీ ముద్ర కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్రికెట్‌లో చవక టీవీ మీద బంతికి తోక వస్తుంది, ఓలెడ్‌లో బంతి బంతిలాగే ఉంటుంది. అయితే సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాల్లో కెమెరా పక్కకు మెల్లగా తిరిగినప్పుడు ఓలెడ్‌లో బొమ్మ కుదుపుకుంటూ వెళుతుంది, కొందరికి అది ఇబ్బందే. మామూలు ఎస్‌డీ చానళ్ళు (హెచ్‌డీ కానివి) పెద్ద 4కె తెర మీద చూడలేం. వాటిలో వచ్చే ఒక్కో చుక్కను 20 చుక్కల మేర సాగదీయాలి మరి. అమ్మ చూసే సీరియళ్ళకు హెచ్‌డీ ప్యాక్ తీసుకోకతప్పలేదు. మాటల స్పష్టత రెండింటిలోనూ అంతంతమాత్రమే. కరెంటు బిల్లులో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్మార్ట్ అనే మాటకు మాత్రం అదనంగా డబ్బు పెట్టకండి. 1 జీబీ ర్యామ్ ఉన్న మా చవక టీవీలో మూడో ఏటికి యాప్ తెరుచుకోవడానికి నిమిషం పట్టేది. 4 వేలు పెట్టి హెచ్‌డీఎంఐలో గుచ్చే చిన్న స్టిక్ కొన్నాను, ఆ బాధ తీరింది. ఖరీదైనది కూడా ఇప్పుడిప్పుడే నెమ్మదిస్తోంది.

ఇంత జరిగినా ఓలెడ్ కొన్నందుకు నేను బాధపడటం లేదు. రాత్రి పదింటికి మా అమ్మాయిని పడుకోబెట్టి మేమిద్దరం సినిమా చూసే ఆ రెండు గంటలకు దానికి సాటి లేదు. కానీ ఆ రెండు గంటల కోసమే అది. నాన్నగారి వార్తలకు, కంటి శుక్లాల ఆపరేషన్ అయిన ఆయన కళ్ళకు, 43 అంగుళాల మామూలు టీవీ అన్ని విధాలా మేలు. దానికి ఇప్పటి దాకా మరమ్మతు, స్టిక్ కలిపినా 30 వేలు దాటలేదు. ఆరేళ్ళుగా పనిచేస్తోంది.

మా చెల్లెలి ఇల్లు రాజమహేంద్రవరంలో. హాలుకు రెండు కిటికీలు, ఇద్దరు చిన్నపిల్లలు, పగలంతా కార్టూన్లు. ఆమెకు ఓలెడ్ వద్దని చెప్పాను. మరీ చవకది కూడా వద్దు. బ్యాక్‌లైట్‌ను భాగాలు భాగాలుగా ఆర్పగలిగే ఎల్‌ఈడీ చూడమన్నాను, దుకాణంలో లోకల్ డిమ్మింగ్ అని అడగాలి. క్యూఎల్‌ఈడీ అన్న పేరు చూసి అది ఓలెడ్ లాంటిదే అనుకోవద్దనీ, అందులోనూ వెలుగు వెనక బల్బులదేననీ చెప్పాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక తన బడ్జెట్‌లో అలాంటిది దొరకవచ్చు. షోరూములో పూలు, చిలకలు తిరిగే వీడియో చూసి మురిసిపోతే ఏదైనా బాగుంటుంది. అందుకే ఆ దీపం దృశ్యాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టాను. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి వెళుతున్నాం. రిమోట్ చేతిలోకి తీసుకుని, రంగును వార్మ్‌కు మార్చి, టీవీ పైన ఉన్న లైట్లు రెండు నిమిషాలు ఆర్పమని అడగాలి.