వేసవి ఎండలో రోడ్స్ ద్వీపం: ఓడ ఆగిన ఒక్క పగలు

ఏజియన్ సముద్రంలో క్రూజ్ ఓడలు ఆగే గ్రీకు ద్వీపాలలో, జూలై నెలలో ఒక్క పగలు మాత్రమే చేతిలో ఉన్నవారికి అన్నింటికంటే ఎక్కువ తృప్తినిచ్చేది రోడ్స్ అని నా అభిప్రాయం. సాంటొరినిలో ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తుంది. చిన్న పడవల్లో పాత రేవుకు చేరుకుని, కేబుల్ కారు కోసం వరుసలో నిలబడడమో, నీడలేని కొండదారిన దాదాపు ఆరువందల మెట్లు ఎక్కడమో చేసేసరికి ఉదయపు చల్లదనం హరించుకుపోతుంది. రోడ్స్‌లో ఆ బాధ లేదు. ఓడ నేరుగా రేవుగోడకు ఆనుకుని ఆగుతుంది, దిగి కొద్ది నిమిషాలు నడిస్తే మధ్యయుగపు కోట ద్వారం ఎదురవుతుంది. ఎండాకాలంలో ఈ తేడా చాలా పెద్దది.

అయితే అక్కడ చూడదగినవి రెండు వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి. ఒకటి రేవు పక్కనే ఉన్న పాతనగరం, రెండవది దక్షిణాన దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో కొండమీద ఉన్న లిండోస్. ఈ రెంటినీ ఏ క్రమంలో చూడాలన్నదే ఆనాటి యాత్ర బాగోగులను నిర్ణయిస్తుంది. లిండోస్ ముందు, పాతనగరం తరువాత. ఈ వరుసను తారుమారు చేయవద్దని గట్టిగా చెబుతాను. ద్వీపపు ఉత్తర కొసన ఉన్న రోడ్స్ నగరానికి వేసవిలో వాయవ్యం నుంచి వీచే మెల్తెమి గాలి అందుతుంది. తూర్పు తీరాన రాతి గుట్టల మధ్య ఒదిగిన లిండోస్‌కు ఆ గాలి అంతగా చేరదు. గ్రీస్‌లో సగటు ఉష్ణోగ్రత బాగా ఎక్కువగా ఉండే చోట్లలో అది ఒకటి. విజయవాడ ఎండలకు అలవాటుపడినవారమే కదా, ఇదొక లెక్కా అనుకోవడం పొరపాటు. ఇంటి దగ్గర మిట్టమధ్యాహ్నం మనం బయట తిరగము. ఇక్కడ తెల్లని గోడల నుంచి, నున్నని రాతి పలకల నుంచి తిరిగి కొట్టే వెలుగులో మెట్లెక్కాలి.

మా ఓడవారు అమ్మిన లిండోస్ విహారం తొమ్మిదిన్నరకు బయలుదేరేది. అందరినీ కూడగట్టి, మధ్యలో ఒక కుండల దుకాణం దగ్గర ఆపి, కొండ కిందికి చేర్చేసరికి పదకొండు దాటుతుందని తెలిసి మేము దానిని వద్దనుకున్నాము. ఓడ దిగగానే మాండ్రాకి రేవు దగ్గరి బస్సు నిలయానికి నడిచి వెళ్లి, ఊళ్ల మధ్య తిరిగే కెటెల్ బస్సు ఎక్కాము. చల్లని బస్సు, మనిషికి కొద్ది యూరోల ఛార్జీ, గంటకు కొంచెం పైన ప్రయాణం. ఓడవారి విహారానికి ఒకే ఒక్క నిజమైన మేలు ఉంది: ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. కాబట్టి తిరుగు ప్రయాణానికి ఆఖరి క్షణపు బస్సును నమ్ముకోకుండా, దానికి ముందుదానిలోనే వచ్చేయాలి. ఎక్కువసేపు నడవలేనివారికి, సమయం విషయంలో ఆందోళన పడేవారికి ఓడవారి విహారమే మంచిది. వారు ఉదయాన్నే బయలుదేరేదాన్ని ఎంచుకోవాలి.

లిండోస్ ఊరిలోకి వాహనాలు రావు. సున్నం వేసిన ఇళ్ల మధ్య సన్నని సందులు, పాత ఓడ కెప్టెన్ల ఇళ్ల వాకిళ్లలో నలుపు తెలుపు గులకరాళ్లతో పరిచిన ముగ్గుల వంటి నేలలు కనిపిస్తాయి. ఊరి మీదుగా కొండపైని కోట ద్వారం వరకు గాడిదలపై తీసుకువెళతామని అడుగుతారు. దయచేసి ఎక్కవద్దు. ఒక్కో జంతువుపై 100 కిలోలకు మించి, లేదా దాని బరువులో అయిదవ వంతుకు మించి భారం వేయకూడదని 2018లో గ్రీకు ప్రభుత్వం చెప్పింది. అయినా ఆ ఎండలో, జారే రాళ్లపై వాటి నడక చూస్తే మనసు కలుక్కుమంటుంది. పైగా గాడిద కోట లోపలికి రాదు, అసలైన నిలువు మెట్లు ఎలాగూ కాలినడకనే ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు ఊరిలోనే ద్రాక్షపందిరి కింద ఒక కాఫీ హోటల్‌లో కూర్చున్నారు. గంటన్నరసేపు ఒక్క కాఫీతో కూర్చున్నా అక్కడివారు ఒక్క మాట అనలేదు, అడగకుండానే చల్లని నీళ్లు మరోసారి తెచ్చి ఇచ్చారు.

సముద్రానికి 116 మీటర్ల ఎత్తున ఉన్న ఆ అక్రోపొలిస్ (కొండమీది ప్రాచీన కోట) పైకి చేరాక కష్టమంతా మరచిపోతాము. మెట్ల మొదట్లోనే కొండరాతిలో చెక్కిన ఓడ వెనుకభాగం కనిపిస్తుంది. క్రీ.పూ. 2వ శతాబ్దపు ఆ శిల్పం సముద్రాన్ని నమ్ముకుని బతికిన రోడ్స్ ప్రజలు ఒక నౌకాధిపతికి చేసిన గౌరవం. పైన క్రీ.పూ. 4వ శతాబ్దపు అథీనా దేవాలయం, దాని ముందు విశాలమైన స్తంభాల మంటపం, చుట్టూ మధ్యయుగంలో ఈ ద్వీపాన్ని ఏలిన క్రైస్తవ సైనిక సన్యాసుల కోటగోడలు ఉన్నాయి. నిలబెట్టిన స్తంభాలలో కొన్ని ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి కట్టినవే. దక్షిణం వైపు అంచు నుంచి చూస్తే సెయింట్ పాల్ అఖాతం దాదాపు మూసుకున్న నీలి మడుగులా కనిపిస్తుంది. పైన ఎక్కడా నీడ లేదు. తాగునీరు కిందనే కొనుక్కోవాలి, అడుగు జారని చెప్పులు వేసుకోవాలి. మేము దిగుతుండగా ఓడల బృందాలు జెండాలు పట్టుకుని ఎదురొచ్చాయి. ఆ ఇరుకు మెట్లమీద ఎవరూ ముందుకూ వెనక్కూ కదలలేని పరిస్థితి కళ్లారా చూశాము.

మధ్యాహ్నానికి రోడ్స్ నగరానికి తిరిగి వచ్చి భోజనం చేశాము. కోటలో ప్రధాన వీధి అయిన సోక్రాతూస్‌లో బొమ్మల మెనూలతో పిలిచే హోటళ్లను వదిలి, నాలుగు సందులు లోపలికి వెళితే ధరలు తగ్గుతాయి, వంట మెరుగవుతుంది. శాకాహారులకు ఈ ద్వీపంలో ప్రత్యేకంగా దొరికేది పితరూదియా: శనగలు, టమాటా, ఉల్లి, పుదీనా కలిపి వేయించినవి, మన శనగ వడలకు దగ్గరి చుట్టాలు. టమాటాసాస్‌లో వండిన పెద్ద చిక్కుడు గింజలు కూడా కడుపు నింపుతాయి. అన్నం కూరిన టమాటాలలో కొన్నిచోట్ల మాంసం కలుపుతారు కనుక అడిగి తీసుకోవాలి. మాంసం వద్దు అంటే సరిపోదు, రొయ్యలు, చేపలు కూడా వద్దని విడిగా చెప్పాలి. ఆర్థొడాక్స్ ఉపవాసాలలో మాంసం మానినవారు సైతం రొయ్యలు తింటారు.

పాతనగరాన్ని మధ్యాహ్నానికి ఉంచుకోవడంలోని ప్రయోజనం మందపాటి రాతిగోడలే. జెరూసలేం సెయింట్ జాన్ సైనిక సన్యాసులు 1309 నుంచి 1522లో ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ జయించే వరకు ఈ నగరాన్ని ఏలారు. 1988లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ సైనిక సన్యాసులు 15వ శతాబ్దంలో కట్టిన వైద్యశాలే నేటి పురావస్తు మ్యూజియం. రోగుల మంచాలుండిన పొడవాటి హాలు మిట్టమధ్యాహ్నం కూడా ఓర్చుకోదగినంత చల్లగా ఉంది. మోకాళ్లపై కూర్చుని రెండు చేతులతో జుట్టు విప్పారదీసుకుంటున్న చిన్న చలువరాతి అఫ్రొడైట్ విగ్రహం ఇక్కడిదే. ఇది చూడనిదే ఓడ ఎక్కవద్దు.

వైద్యశాల నుంచి పైకి సాగే సైనికుల వీధి చివర ఆ సన్యాసుల నాయకుడైన మహాధిపతి కోట ఉంది. టికెట్ ఒక్కటే కొనాలంటే నేను దీనికన్నా మ్యూజియాన్నే ఎంచుకుంటాను. 1856లో పక్కనున్న చర్చి కింద నిల్వచేసిన తుపాకిమందు పేలి పాత భవనం చాలావరకు ధ్వంసమైంది. మనం చూసేది ద్వీపం ఇటలీ అధీనంలో ఉన్నప్పుడు 1937-40 మధ్య తిరిగి కట్టినది. లోపలి అందమైన మొజాయిక్ నేలలలో చాలా భాగం కోస్ ద్వీపం నుంచి తెచ్చి అమర్చినవే.

ఓడల జనం ఎక్కువగా వెళ్లని తూర్పు భాగంలో యూదుల పేట ఉంది. అక్కడి కహల్ షాలోమ్ ప్రార్థనామందిరం 1577 నాటిది, గ్రీస్‌లో నేటికీ నిలిచిన వాటిలో అత్యంత పురాతనమైనది. 1944 జూలైలో నాజీలు ఈ పేట నుంచి 1,600 మందికి పైగా మనుషులను ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించారు. తిరిగి వచ్చినవారు అతి కొద్దిమంది. చౌకులోని నల్లరాతి స్మారకం దగ్గర కాసేపు నిలబడండి. బజారు వీధులలో గడిపే అరగంటను ఇక్కడికి మళ్లిస్తే ఏమీ నష్టపోము.

కొలోసస్ గురించి అందరూ అడుగుతారు. ఆ పేరుగల సూర్యదేవుడు హేలియోస్ కంచు విగ్రహం క్రీ.పూ. 226 నాటి భూకంపంలోనే కూలిపోయింది, దాని ఆనవాలు ఏదీ లేదు. మాండ్రాకి ముఖద్వారంలో స్తంభాలపై ఉన్న జింకల విగ్రహాలను చూసి, ఓడ ఎక్కేముందు పక్కనున్న ఎల్లీ తీరంలో మునిగి లేస్తే చాలు.

మన పాస్‌పోర్టు ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. చాలా ఓడలు రోడ్స్‌కు ముందో వెనకో టర్కీలోని కుషదాసి రేవుకు వెళతాయి. అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల ప్రాంతమైన షెంగెన్ దాటి బయటకు వెళ్లి తిరిగి ప్రవేశిస్తాము. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసా అందుకు పనికిరాదు, దరఖాస్తులోనే బహుళ ప్రవేశం కోరాలి. ఓడలో కాకుండా పాతనగరంలోనే రెండు రాత్రులు ఉండాలనుకునేవారికి కోట లోపలి పాత ఇళ్లలో నడిచే చిన్న బసలు ఉన్నాయి. సాయంత్రం ఓడలు వెళ్లిపోయాక వీధులు ఖాళీ అవుతాయి కనుక ఖర్చు ఎక్కువైనా అవి మేలు. గులకరాళ్ల సందులలో చక్రాల పెట్టె లాగడం కష్టం, టాక్సీ కూడా చాలా చోట్లకు రాదు. గది తీసుకునేముందు ఏ కోట ద్వారానికి దగ్గరో, గదిలో ఏసీ ఉందో లేదో అడిగి తెలుసుకోండి.