కాన్పు తర్వాతే ఎక్కువ అక్కరకొచ్చిన బీపీ మిషన్

జబ్బకి పట్టీ చుట్టి బటన్ నొక్కితే తనంతట తనే గాలి ఎక్కించుకుని నంబర్లు చూపించే డిజిటల్ బీపీ మిషన్ ఇది. మా చెల్లి కడుపుతో ఉన్నప్పుడు కొన్నాం. పాపకి ఇప్పుడు పళ్లు వస్తున్నాయి, మిషన్ ఇంకా వాడుతూనే ఉన్నాం. అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. బీపీ ఉన్న గర్భిణికి, లేదా వచ్చే అవకాశం ఉందని డాక్టర్ చెప్పిన గర్భిణికి ఇది కొనదగ్గ వస్తువు. కానీ డెలివరీ అయిపోయింది కదా అని మళ్లీ డబ్బాలో సర్దేసేటట్టయితే కొని పెద్దగా లాభం లేదు. దీని అసలు పని అప్పుడే మొదలవుతుంది.

చెల్లికి ఏడో నెల చెకప్‌లో బీపీ పెరుగుతున్నట్టు కనిపించింది. 20 వారాలు దాటాక 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే గర్భంతో వచ్చిన బీపీగా లెక్కిస్తారు. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, లివర్, కిడ్నీ, ప్లేట్‌లెట్ల పరీక్షల్లో తేడా రావడమో జరిగితే ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరితే ఫిట్స్ వస్తాయి, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. చిక్కంతా ఎక్కడంటే, మొదట్లో మనిషికి ఏమీ తెలియదు. చెల్లి హాయిగా నవ్వుతూ తిరుగుతూనే ఉంది. డాక్టర్ గారు ఇంట్లో కూడా రోజూ చూసి రాసుకోమన్నారు. అలా మిషన్ వేట మొదలైంది, ఆ పని నా నెత్తిన పడింది.

మొదట మణికట్టుకి కట్టుకునే చిన్న మిషన్ చూశాను. ముచ్చటగా ఉంది, చేతి సంచిలో పడుతుంది. అయితే మణికట్టు గుండెకి సరిగ్గా ఎదురుగా లేకపోతే లెక్క తప్పుతుంది, కొంచెం కిందికి జారినా ఎక్కువ చూపిస్తుంది. డాక్టర్ గారు కూడా జబ్బకి కట్టేదే తీసుకోమన్నారు. అసలు ప్రశ్న అక్కడ మొదలైంది: ఆ మిషన్‌ని గర్భిణుల మీద పరీక్షించి చూశారా? ఈ మాట డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఎక్కడా ఉండదు, అడిగి తెలుసుకోవాల్సిందే. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి రక్తనాళంలో చప్పుడు వింటారు. ఈ మిషన్ చప్పుడు వినదు. పట్టీలో గాలి తగ్గుతున్నప్పుడు వచ్చే సన్నని కంపనాలను పట్టుకుని, కంపెనీ వాళ్లు రాసి పెట్టిన సూత్రంతో నంబర్ కడుతుంది. గర్భంలో, అందులోనూ ప్రీఎక్లాంప్సియాలో, రక్తనాళాల తీరు మారుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది. దాంతో మామూలు మనుషుల దగ్గర చక్కగా పనిచేసే కొన్ని మిషన్లు వీళ్ల దగ్గర ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. ఎక్కువ చూపిస్తే ఒకసారి అనవసరంగా ఆసుపత్రికి వెళ్లొస్తాం, అంతే. తక్కువ చూపిస్తే మాత్రం ప్రమాదం పక్కనే ఉన్నా నిశ్చింతగా కూర్చుంటాం. అందుకే గర్భిణులలోనూ ప్రీఎక్లాంప్సియాలోనూ పరీక్షించి ఆమోదించిన మోడలేనా అని కనుక్కున్నాకే కొన్నాను. మీరు ఇంకేదీ చూడకపోయినా ఇదొక్కటి చూడండి.

కొన్నాక డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె తన మిషన్‌తో ఒకసారి, మాదానితో ఒకసారి చూసి, రెండూ దగ్గరగానే ఉన్నాయని చెప్పాకే ఇంట్లో లెక్క మొదలుపెట్టాం. ఎవరైనా ఇలా సరిచూపించుకోవడం మంచిది.

పట్టీ సైజు గురించి మాత్రం కాస్త విపులంగా చెప్పాలి. మిషన్‌తో వచ్చిన పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న జబ్బకి సరిపోతుందని దాని మీదే ముద్రించి ఉంది. భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ టేపుతో కొలిస్తే చెల్లిది అప్పటికే 32 దాటింది. చాలామందికి నెలలు నిండేకొద్దీ చెయ్యి లావెక్కుతుంది, నీరు కూడా వస్తుంది. జబ్బకి చిన్నదైన పట్టీ బీపీని లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, మరీ పెద్దది తక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ విడిగా అడిగితే అమ్మినవాళ్లు 'ఇదే అందరికీ సరిపోతుందండీ, పర్లేదు' అన్నారు. సరిపోదని వాళ్ల పట్టీ మీదే రాసి ఉంది. పట్టుబట్టి తెప్పించుకున్నాం గానీ, దానికోసం ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ ఎదురుచూపు ఒక గర్భిణికి ఎంత టెన్షనో అమ్మేవాళ్లు ఆలోచించాలి.

ఇక వాడకం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ముందు బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకి ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండెకి సూటిగా, బట్ట మీద కాకుండా ఒంటి మీదే ఉండాలి. ఒకసారి చూశాక ఒక నిమిషం ఆగి మళ్లీ చూడాలి. మాట్లాడకూడదు. ఇది మా ఇంట్లో మహా కష్టమైన నియమం. నేను పక్కన కూర్చుని ఏదో ఒకటి అడగడం, అది చెయ్యెత్తి ఆపమనడం. 'అక్కా, నువ్వు మాట్లాడిస్తే నాకు బీపీ, నాకు బీపీ వస్తే నీకు టెన్షన్' అనేది. మాట్లాడుతూ చూసుకుంటే నంబర్ పెరగడం నిజమే, మేం నంబర్లు రాసుకున్న పుస్తకంలోనే కనిపించింది.

మిషన్ తీరు విషయానికొస్తే అంకెలు పెద్దవి, కళ్లజోడు లేకుండా కనిపిస్తాయి. వెలుగు మాత్రం సరిపోదు. బిడ్డ పుట్టాక రాత్రిళ్లు లైటు వేయకుండా చూడాలంటే ఫోన్ వెలుగులో చదవాల్సి వచ్చేది. బటన్ నొక్కినప్పుడు వచ్చే బీప్‌ని ఆపేయొచ్చు, అది మేలు. పట్టీ విప్పేటప్పుడు వచ్చే చర్రుమనే చప్పుడుని ఆపే దారి లేదు. అప్పుడే కళ్లు మూసిన పాప ఉలిక్కిపడి లేచేది. చెల్లి ఒక ఉపాయం కనిపెట్టింది: పట్టీ అంచుని దుప్పటి కింద పెట్టి, మెల్లగా ఒక్కో అంగుళం లాగేది. ఫోన్‌కి కలిపే యాప్ కూడా ఉంది. మేం దాన్ని నమ్ముకోలేదు. తేదీ, వేళ, పై నంబర్, కింది నంబర్, పక్కన 'తలనొప్పి లేదు', 'పాదాల వాపు' అని ఒక్క ముక్క, అన్నీ నోటుపుస్తకంలోనే రాశాం. డాక్టర్ గారు ఆ పుస్తకాన్ని తిరగేసి రెండు నిమిషాల్లో అంతా అర్థం చేసుకునేవారు.

గర్భిణిగా ఉన్నప్పుడు ఈ మిషన్ వల్ల పెద్ద అద్భుతం జరుగుతుందని అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో రెండు వేల మందికి పైగా గర్భిణులతో చేసిన బంప్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. ఇంట్లో బీపీ చూసుకున్నవాళ్లకి, మామూలు చెకప్‌లకే వెళ్లినవాళ్లకన్నా ముందేమీ ఆసుపత్రిలో బీపీ బయటపడలేదని అందులో తేలింది. కాబట్టి ఇంట్లో మిషన్ ఉంది కదా అని చెకప్‌లు మానకూడదు. గర్భం మొత్తం మీద కనీసం ఎనిమిదిసార్లు వైద్య సిబ్బందిని కలవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచీ చెబుతోంది. మూత్రపరీక్ష, రక్తపరీక్ష, బిడ్డ ఎదుగుదల ఈ పట్టీకి తెలియవు. నంబర్ బాగానే ఉన్నా తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖమూ చేతులూ ఉబ్బడం, ఆయాసం ఉంటే నంబర్‌ని పక్కనపెట్టి వెంటనే వెళ్లాలి.

డెలివరీ సాఫీగా అయింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో పాప టీకాలు, పాప బరువు, పాప పాలు, అన్నీ వివరంగా ఉన్నాయి. తల్లి బీపీ గురించి ఒక్క ముక్క లేదు. ఏ ఆసుపత్రో చెప్పను గానీ, ఆ కాగితం గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎందుకంటే బీపీ కాన్పుతో పోదు. గర్భంలో ఒంట్లో చేరిన నీరు కాన్పయ్యాక తిరిగి రక్తంలోకి వస్తుంది, బీపీ సాధారణంగా మూడో రోజు నుంచి ఆరో రోజు లోపల బాగా పైకెళ్తుంది. సరిగ్గా అప్పటికే చాలామంది ఇంటికొచ్చేసి ఉంటారు. గర్భంలో ఏ బీపీ లేనివాళ్లకి కూడా కాన్పు తర్వాత ఆరు వారాల వరకు కొత్తగా ప్రీఎక్లాంప్సియా రావచ్చు.

చెల్లికి ఇంటికొచ్చాక తలనొప్పి మొదలైంది. నిద్రలేమి అన్నారు, పాలిస్తోంది కదా అన్నారు, వచ్చినవాళ్లు తలా ఒక మాట అన్నారు. నిజానికి నిద్రలేక ఎవరికైనా తల నొస్తుంది, ఆ మాటని తప్పు పట్టలేం. నేను పాపని ఎత్తుకుని, 'ముందు చెయ్యి చాపు' అన్నాను. పై నంబర్ 160 దాటింది. కూర్చోబెట్టి, కాసేపు ఆగి మళ్లీ చూశాను. దిగలేదు. పై నంబర్ 160 గానీ కింది నంబర్ 110 గానీ తాకితే అది అత్యవసరమని, మర్నాటి దాకా ఆగకూడదని డాక్టర్ గారు ముందే నోటుపుస్తకం అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసిచ్చారు. ఆ గీత ముందే గీసి ఉండబట్టి ఇంట్లో వాదన జరగలేదు. నేరుగా బయల్దేరాం. దారిలోనే ఫోన్ చేసి, ఇటీవల ప్రసవమైందని, నంబర్ ఇంత ఉందని, తలనొప్పి ఉందని చెప్పాం. 'ఇటీవల ప్రసవమైంది' అన్న ముక్క మొదట చెప్పాలి. లేకపోతే మామూలు బీపీ రోగి వరుసలో కూర్చోబెడతారు.

అక్కడ బీపీ దించే మందుతో పాటు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ సెలైన్‌లో ఎక్కించారు. ఇది పాత మందే. ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్లలో ఇది ఫిట్స్ ముప్పుని సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో పలు దేశాల్లో కలిపి చేసిన మాగ్‌పై అధ్యయనం తేల్చింది. ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కినట్టు ఉంటుందని నర్సు ముందే చెప్పింది, అలాగే ఉంది. పాపని పక్కనే ఉంచారు, పాలు ఆపాల్సిన పని పడలేదు. తర్వాత ఇచ్చిన మాత్రలు కూడా పాలిచ్చే తల్లులకి వాడదగ్గవే. ఇక్కడొక మాట: గర్భంలో వాడిన బీపీ మాత్రలనే తర్వాత కూడా ఉంచాలని లేదు. మిథైల్‌డోపా లాంటిది కాన్పయ్యాక ఆపి వేరేది ఇవ్వడం పద్ధతి, ఎందుకంటే అది మనసుని కుంగదీసే అవకాశం ఉంది. గర్భంలో వాడకూడని ఎనలాప్రిల్‌ని పాలిచ్చేటప్పుడు ఇవ్వొచ్చు. ఇవన్నీ డాక్టర్ నిర్ణయించాలి, మనం అడగాలి.

ఆ తర్వాతి వారాల్లోనే మిషన్ తన ఖరీదుకి న్యాయం చేసింది. రోజూ నంబర్లు పంపడం, వాటిని బట్టి డాక్టర్ గారు మాత్ర తగ్గించడం, ఇలా మెల్లగా దించుకుంటూ వచ్చాం. ఇలాంటి పద్ధతి మీదే ఆక్స్‌ఫర్డ్‌లో 220 మంది తల్లులతో ఒక అధ్యయనం చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో చూసుకుంటూ, వైద్యుల సలహాతో మందు సర్దుకున్నవాళ్లకి సుమారు తొమ్మిది నెలల తర్వాత కూడా కింది బీపీ మిగతావాళ్లకన్నా సగటున దాదాపు 6 పాయింట్లు తక్కువగా ఉంది. అప్పటికి మందులు చాలామంది మానేసి ఉన్నారు. నాకు ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే ప్రీఎక్లాంప్సియా వచ్చిన ఆడవాళ్లకి ముందు ముందు గుండెజబ్బు, పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువ. చెల్లి ఇంకా అప్పుడప్పుడు చూసుకుంటోంది. రెండో కాన్పు అనుకున్నప్పుడు మొదట్లోనే డాక్టర్‌కి ఈ చరిత్ర చెప్పాలి. ఇలాంటివాళ్లకి సాధారణంగా 12 వారాల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు.

మరొకటి కూడా చెప్పాలి. మిషన్ చేతిలో ఉంటే బాలింత ఆరోగ్యమంతా ఆ అంకెల్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోయేంత రక్తస్రావం, జ్వరం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, రెండు వారాలు దాటినా తగ్గని ఏడుపు, బతకాలని లేదన్న మాట, వీటిలో ఏదీ ఈ తెర మీద కనిపించదు. నేను బీపీ చూసేటప్పుడే 'రాత్రి ఎలా ఉన్నావే?' అని అడగడం మొదలుపెట్టాను, పట్టీ విప్పాకే లెండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది తెర పక్కన ఉన్న రంగుల గీతకి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని చూపించే ఆ గీత మామూలు పెద్దవాళ్ల కోసం గీసింది, కాన్పు గురించి దానికి తెలియదు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో గర్భిణుల గురించి ఉన్నది 'వైద్యుడిని సంప్రదించండి' అనే ఒక్క వాక్యమే. కొన్న రోజునే ఆ గీత మీద టేపు అంటించి, మీ డాక్టర్ చెప్పిన నంబర్లు దాని మీద పెన్నుతో రాసుకోండి. కొనేముందు టేపుతో జబ్బ కొలిచి, పెద్ద పట్టీ విడిగా దొరుకుతుందో లేదో అడగండి.