లా కాలేజీ ఉచిత న్యాయ సహాయ కేంద్రం, అనంతపురం: వెళ్లవచ్చు, పరీక్షల రోజుల్లో తప్ప

మా వీధిలో వేరుశనగ మిల్లులో పనిచేసే ఆవిడ భర్త బెంగళూరు వెళ్లి డబ్బు పంపడం మానేశాడు. భరణం సంగతి కనుక్కుందామని ఆమెను ఇక్కడి ఒక లా కాలేజీ కేంద్రానికి తీసుకెళ్లాను.

వాళ్లు వినే తీరు బాగుంది. చివరి సంవత్సరం అమ్మాయి కలం మూత కూడా తీయకుండా ముందు కథంతా విన్నది. తర్వాతే ప్రశ్నలు: పెళ్లి ఫొటో ఉందా? రేషన్ కార్డులో ఇద్దరి పేర్లూ ఉన్నాయా? అతను చివరగా డబ్బు వేసినట్టు బ్యాంకు పుస్తకంలో ఉందా? భరణం కేసు భార్య ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చని, బెంగళూరు తిరగనక్కర్లేదని చెప్పేసరికి ఆవిడ ముఖంలో ప్రాణం వచ్చింది. మా ఊరి పెద్దమనుషులు ఇన్నాళ్లూ చెప్పింది దీనికి సరిగ్గా వ్యతిరేకం!

విద్యార్థులు కోర్టులో వాదించరు, ఆ ఆశతో వెళ్లకండి. అర్జీ రాసిపెట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపుతారు. వకీలును ఆ సంస్థే ఇస్తుంది, ఫీజు ఉండదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. అయినా గుమాస్తా ఆదాయ ధ్రువపత్రం అడిగాడు. ఆ అమ్మాయే పుస్తకం తెరిచి చూపించి అతని నోరు మూయించింది.

బోర్డు మొత్తం ఇంగ్లీషులో ఉంది. అది ఎవరి కోసమో! పరీక్షలప్పుడు తలుపుకు తాళం, ఒక్క కాగితమైనా అంటించరు. అప్పుడు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయడమే మేలు.