రెండు డిస్కుల మిర్రరా, మూడు డిస్కుల రెయిడ్ 5నా?

ఇంట్లో ఫొటోలు, పెళ్లి వీడియోలు దాచుకోవడానికి 8 టీబీ చోటు కావాలనుకుందాం. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా వాడే పద్ధతి. 8 టీబీ డిస్కులు రెండు కొని రెయిడ్ 1 (అదే మిర్రర్) పెట్టొచ్చు, లేదా 4 టీబీవి మూడు కొని రెయిడ్ 5 పెట్టొచ్చు. ఎందులోనైనా ఒక డిస్కు పోతే డేటాకి ఢోకా లేదు. రెండోది కూడా పోయిందా, గోవిందా!

రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది. లైనక్స్‌లో రెయిడ్ కట్టే ఎండీఏడీఎం అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టుకుంటే, సర్వర్ మొత్తం పాడైనా ఒక డిస్కు ఊడదీసి వేరే లైనక్స్ మెషీన్‌కి తగిలించి ఫైళ్లన్నీ తీసుకోవచ్చు. రెయిడ్ 5లో డేటా, పారిటీ (పోయిన డిస్కులోని డేటాను తిరిగి లెక్కగట్టడానికి ఉంచే అదనపు సమాచారం) మూడు డిస్కులకూ పంచి ఉంటాయి. ఒక్క డిస్కుతో పని జరగదు, కనీసం రెండు కావాలి.

ఇక కరెంటు సంగతి. డేటా రాస్తుండగా పవర్ పోతే డేటాకీ పారిటీకీ పొంతన తప్పే ప్రమాదం రెయిడ్ 5కి ఉంది. మా ఇంట్లో ఒక వేసవి రాత్రి కరెంటు పోయి వచ్చాక రీసింక్ (డిస్కులన్నీ సరిచూసి మళ్లీ పొంతన కుదర్చడం) మొదలైంది. తెల్లవార్లూ డిస్కులు గరగరలాడుతూనే ఉన్నాయి, టెన్షన్‌తో నాకు నిద్ర లేదు. యూపీఎస్ లేకుండా రెయిడ్ 5 జోలికి వెళ్లొద్దు. (మిర్రర్‌కైనా ఉంటే మంచిదే.)

పెంచుకోవడంలో మాత్రం రెయిడ్ 5దే పైచేయి. నాలుగో 4 టీబీ డిస్కు చేరిస్తే 12 టీబీ అవుతుంది. మిర్రర్‌లో రెండూ మార్చాలి.

అయినా నా ఓటు మిర్రర్‌కే. ఏది పెట్టినా ఎస్ఎంఆర్ డిస్కులు (ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత కప్పేలా రాసే రకం) కొనకండి, కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపే రీబిల్డ్ వేళ ఏడిపిస్తాయి. పొరపాటున డిలీట్ చేసిన ఫోల్డర్‌ను ఏ రెయిడూ తిరిగివ్వదు, అందుకే ఇంకో కాపీ అమ్మావాళ్ల ఇంట్లో బీరువాలో పెట్టాను.